గుడ్డు భద్రం

కోడికి గుడ్డు పెట్టడం వచ్చు గానీ దాన్ని భద్రపరచడం రాదు. పెడుతుంది, పెట్టినట్టు వీధంతా వినపడేలా అరుస్తుంది, ఆపైన తనకేమీ పట్టనట్టు పెంటకుప్ప గీరుకోడానికి పోతుంది. ఇన్ని వేల ఏళ్ళ నుంచీ కోళ్ళు ఇంత బాధ్యత లేకుండా తిరుగుతుంటే అడిగిన నాథుడు లేడు. చివరికి ఆ ఏడు ఎండాకాలంలో పోషకాహార శాఖవారు అడిగారు. కోడిని కాదు, నూకరత్నాన్ని.

నూకరత్నం మూలగరువు అంగన్‌వాడీ కేంద్రంలో ఆయా. గర్భిణులూ బాలింతలూ కలిపి పద్దెనిమిది మంది రోజూ మధ్యాహ్నం అక్కడికొచ్చి అన్నం, పప్పు, ఆకుకూర, ఉడికిన గుడ్డు తిని వెళ్తారు. గుడ్డు విషయంలో ఆవిడకో పద్ధతుంది. పదకొండున్నరకి గిన్నె పొయ్యెక్కిస్తుంది. ఉడికాక దించి చన్నీళ్ళు పోస్తుంది. అందరూ కంచాల ముందు కూర్చున్నాక, ఎవరి గుడ్డు వాళ్ళ ఎదురుగానే వలిచి పెడుతుంది. పన్నెండూ ముప్పావుకి గిన్నెలో నీళ్ళే మిగులుతాయి. పదిహేడేళ్ళ సర్వీసులో ఆవిడ చేతిలో ఒక్క గుడ్డు పాడైన పాపాన పోలేదు. పాడవడానికి దానికి తీరికేదీ?

ఇదిలా ఉండగా, ఎక్కడో ఓ కేంద్రంలో పొద్దున ఉడకబెట్టిన గుడ్లు మూతపెట్టి సాయంత్రం దాకా ఎండలో వదిలేశారట. ఆ దారిన తనిఖీకొచ్చిన ఓ పెద్దాఫీసరు మూత తీశారట. ఆ మూత మళ్ళీ పెట్టేలోగా రాష్ట్రంలో ప్రతి కేంద్రానికీ ఒక ఫ్రిజ్ మంజూరైపోయింది. దాని వెనకాలే ఒక సర్క్యులర్ వచ్చింది. ఉడికిన గుడ్డు రెండు గంటల్లోగా ఫ్రిజ్‌లోకి వెళ్ళాలి. పెంకు తియ్యకూడదు. పెంకు మీద పెన్సిల్‌తో తేదీ వెయ్యాలి. అలా పెడితే ఏడు రోజుల దాకా పాడవదు. ఇందులో తప్పుపట్టడానికేమీ లేదు. ఏ ఇల్లాలైనా ఇదే చెబుతుంది. కాకపోతే ఇల్లాలు చెబితే అది అక్కడితో అయిపోతుంది. శాఖ చెప్పింది కాబట్టి పథకమైంది. దానికి ‘గుడ్డు భద్రం’ అని పేరు పెట్టారు.

మండలాఫీసు హాల్లో శిక్షణ. ప్రాజెక్టు ఆఫీసరు గౌరీపతిగారు మైకు ముందు నిలబడ్డారు. ఆయన మాట్లాడుతుంటే అలమార్లోంచి ఫైలు లేచొచ్చి మాట్లాడినట్టుంటుంది.

“సోదరీమణులారా! ఉడికించబడిన గుడ్డు అనునది కేవలం తినుబండారం కాదు. అది ప్రభుత్వం మీ సంరక్షణలో ఉంచిన పోషక విలువ. ఉదయం తొమ్మిదింటికి ఉడికించబడాలి. పదకొండింటికి ఫ్రిజ్‌లో ప్రవేశపెట్టబడాలి. అప్పుడొకటి, రెండింటికొకటి, అయిదింటికొకటి, మూడు ఫొటోలు యాప్‌లో ఎక్కించబడాలి. మూడు ఫొటోల్లోనూ గుడ్ల సంఖ్య ఒకటే ఉంటే ఆకుపచ్చ. తగ్గితే ఎరుపు.”

నూకరత్నం వెనక వరసలోంచి చెయ్యెత్తింది. పక్కనున్న హైమావతి టీచరు ఆ చెయ్యి పట్టుకుని కిందికి లాగింది గానీ, పదిహేడేళ్ళుగా గుండిగలు దించిన చెయ్యది. దిగలేదు.

“అయ్యగారూ, సిన్న అనుమానవండి.”

“అనుమాన నివృత్తి ఎజెండాలో ఆరో అంశం. అయినా అడగమ్మా.”

“పొద్దున్నే ఉడకబెట్టి ఫ్రిజ్జీలో పెడతావండి. బానే ఉందండి. ఆళ్ళు తినేదెప్పుడండి?”

గౌరీపతిగారు సర్క్యులర్ మొదటి పేజీ తిప్పారు, రెండో పేజీ తిప్పారు, వెనక తెల్లగా ఉన్న వైపు కూడా చూశారు.

“ఈ సర్క్యులర్ నిల్వకు సంబంధించింది. వినియోగం వేరే విభాగం చూస్తుంది.”

“ఆ ఇబాగం ఆఫీసరుగారు ఎవరండి?”

“ఆ పోస్టు ప్రస్తుతానికి ఖాళీ. తరవాతి అంశం.”

సోమవారం ఫ్రిజ్ దిగింది. దాన్ని దించినవాళ్ళు వెళ్ళగానే నూకరత్నం పసుపు రాసి బొట్టు పెట్టింది. పదకొండింటికి పద్దెనిమిది గుడ్లు తేదీలు వేయించుకుని, బుద్ధిగా అరల్లో కూర్చున్నాయి. హైమావతి టీచరు ఫొటో తీసింది. యాప్ ఆకుపచ్చగా నవ్వింది. పన్నెండున్నరకి నూకరత్నం అవే గుడ్లు బయటికి తీసి, వలిచి, అలవాటు ప్రకారం కంచాల్లో వేసింది.

“ఏంటి పిన్నీ, ఇంత సల్లగున్నాయ్?” అంది సత్యవేణి. సత్యవేణికప్పుడు అయిదో నెల. ఒక్కతే వస్తుంది గానీ ఇద్దరి మాటలూ తనే మాట్లాడేస్తుంది. “లోపలోడు తుమ్ముతాడేమో!”

“తుమ్మితే పేరెట్టెయ్. ముందు తిను.”

తిన్నారు. రెండింటికి హైమావతి టీచరు ఖాళీ అరల్ని ఫొటో తీసింది. యాప్ ఒక్కసారి కీచుమని అరిచి ఎర్రబడింది. ‘నిల్వ: సున్నా శాతం. కేంద్రం ప్రమాదంలో ఉంది.’

మర్నాడు మెమో వచ్చింది. ‘తమ కేంద్రమునందు భద్రపరచబడిన పద్దెనిమిది గుడ్లు మూడు గంటల వ్యవధిలో ఏ పరిస్థితులలో అదృశ్యమైనవో సంజాయిషీ ఇవ్వవలెను.’

హైమావతి టీచరు నిజమే రాసింది. ‘గర్భిణులు, బాలింతలు తిన్నందువలన.’

దానికి జవాబు ఇంకా త్వరగా వచ్చింది. ‘తినుటకు వీలైన స్థితిలో గుడ్లను వదిలివేయుట భద్రతా వైఫల్యము. ఇట్టి ఎరుపు మార్కులు మూడైనచో ఆయాను విధుల నుండి తప్పించెదము. ఇది మొదటిది.’

“రత్నం, నీ పేరే రాశారు,” అంది హైమావతి టీచరు నీరసంగా.

“తిన్నది ఆళ్ళూ, పోయేది నా ఉజ్జోగవూనా?”

“ఫ్రిజ్‌కి తాళం కూడా పంపారు.”

తాళం పడింది. ఎనిమిదో రోజు సంగతి ఏమిటన్న ప్రశ్న మాత్రం నూకరత్నం బుర్రలో ఈగలా తిరుగుతూనే ఉంది. ఏడు రోజులు భద్రంగా ఉంటే ఆ గుడ్డు భద్రమైనదని రుజువైనట్టేగా, ఎనిమిదో రోజైనా పెట్టొచ్చుగా అని టీచరు చేత ఫోను చేయించింది. గౌరీపతిగారు ఎంతో ఓపికతో వివరించారు. ఏడు రోజులు పూర్తికానిదే ఆ గుడ్డు భద్రత రుజువు కాదు. కాబట్టి ఏడు రోజుల లోపల తినకూడదు. ఏడు రోజులు దాటాక గడువు తీరిపోతుంది. కాబట్టి ఆ తరవాతా తినకూడదు.

“మరి మధ్యలో అండి?” అనడిగింది నూకరత్నం, ఫోను లాక్కుని.

“మధ్య అనేది సర్క్యులర్‌లో లేదమ్మా.”

అప్పట్నుంచి రోజూ ఎనిమిదో రోజు గుడ్లు పద్దెనిమిది బయటికి తీసి పెరట్లో కొబ్బరిచెట్టు మొదట్లో పాతిపెట్టడం, కొత్తవి పద్దెనిమిది లోపల పెట్టడం. ఎప్పుడు చూసినా ఫ్రిజ్‌లో నూట ఇరవయ్యారు గుడ్లు. వచ్చినవాళ్ళకి అన్నం, పప్పు, ఆకుకూర. గుడ్డు మాత్రం చూపించమన్నారు. లబ్ధిదారులకు పథకం మీద విశ్వాసం కలగడానికి, భోజనానికి ముందు ఒక నిమిషంపాటు ఫ్రిజ్ తలుపు తెరిచి ఉంచవచ్చని గౌరీపతిగారు ప్రత్యేకంగా అనుమతిచ్చారు.

“గుళ్ళోకెల్తే దణ్ణవెట్టుకున్నాక పెసాదమైనా పెడతారు పిన్నీ,” అంది సత్యవేణి, ఫ్రిజ్ ముందు చేతులు కట్టుకుని. “ఈ సామి ఏమీ పెట్టడా?”

“సల్లగాలి వత్తంది కదే. అది పీల్చుకో.”

“పీల్చుకుంటే లోపలోడికి అందుద్దా?”

అందరూ నవ్వారు. నూకరత్నం కూడా నవ్వి, కంచంలో గుడ్డుండే చోట ఖాళీ కనపడకుండా ఇంకో గరిటె పప్పు వేసింది.

ఆ ఎండల్లో కరెంటు పోవడం మొదలైంది. పోయిందంటే రెండు గంటలు రాదు. ఫ్రిజ్‌లో చల్లదనం తగ్గుతోందని హైమావతి టీచరు భయపడుతూ పైకి రాసింది. కరెంటు లేని వేళల్లో గుడ్లకు గాలి ఆడేలా చూడమని మార్గదర్శకాలొచ్చాయి. కాబట్టి మధ్యాహ్నం ఒంటి గంటకి, తాటాకు విసనకర్రలు పట్టుకుని, నెత్తిమీంచి చెమట కారుతుండగా, ఇద్దరు గర్భిణులూ ఒక బాలింతా ఫ్రిజ్ ముందు కూర్చుని నూట ఇరవయ్యారు గుడ్లకి విసురుతూ ఉండేవారు.

“మా అత్తకి కూడా ఇలా ఇసరలేదే!” అనేది బాలింత.

“మీ అత్త సర్కారోళ్ళ ఆస్తి కాదు గదా,” అనేది సత్యవేణి.

నెలాఖరుకి నర్సమ్మగారొచ్చి అందరి బరువూ తూచింది. సత్యవేణి తూకం దగ్గర ముక్కు మీది కళ్ళజోడు సరిచేసుకుని రెండుసార్లు చూసింది. “ఏమ్మా, పోయిన నెలెంతో ఈ నెలా అంతే. ఆరో నెలొచ్చింది, అర కేజీ కూడా పెరగలేదు. బిళ్ళలు వేసుకుంటున్నావా?”

“ఏసుకుంటన్నానండి.”

“రోజూ గుడ్డు తింటున్నావా?”

సత్యవేణి ఫ్రిజ్ వైపు చూసింది. “రోజూ సూత్తన్నానండి.”

ఈసారి ఎవరూ నవ్వలేదు. వచ్చే నెల కూడా ఇలాగే ఉంటే బిడ్డ చిన్నదైపోతుందని, కాన్పు ఇక్కడ కుదరదు, కాకినాడ పెద్దాసుపత్రికి పంపాల్సొస్తుందని చెప్పి నర్సమ్మగారు కార్డు మీద కింద గీత గీసింది. ఆ వీధి మొత్తానికి ఆ నెలలో బరువు పెరిగింది పెరట్లో కొబ్బరిచెట్టొక్కటే. ఆకులు నిగనిగలాడుతున్నాయి, గెలలు మోయలేక వంగిపోతోంది.

ఆ చెట్టు కింద నిలబడి నూకరత్నం చాలాసేపు ఆలోచించింది. గుడ్డు పెడితే ఎర్ర మార్కు, మూడు మార్కులకి ఉద్యోగం గోవిందా. పెట్టకపోతే సత్యవేణి కార్డు మీద గీత. ఫ్రిజ్‌లో గుడ్లుండాలి. కంచంలోనూ గుడ్లుండాలి. కోడి రెండు గుడ్లు పెట్టదు. మరి రెండోది ఎవరు పెట్టాలి?

ఆదివారం ఉదయం నూకరత్నం కాలవ గట్టుకెళ్ళి గంపెడు నల్లమట్టి తెచ్చింది. ఊళ్ళో సగం ఇళ్ళలో ఒకప్పుడు మట్టిపొయ్యిలు ఆవిడ వేసినవే. ఆ చేతికి గుడ్డొక లెక్కా? అరచేతిలో ఉండ చేసి, ఓ పక్క కాస్త కోసుగా నొక్కి, నీడలో ఆరబెట్టి, రెండు పూతలు సున్నం వేసింది. పొద్దుగూకే వేళకి నూట ఇరవయ్యారు మట్టిగుడ్లు చాప మీద వరసగా కూర్చున్నాయి. అటుగా వచ్చిన వాళ్ళింటి కోడి వాటిని చూసి ఆగి, తల ఒక పక్కకి వంచి, ఇన్నెప్పుడు పెట్టానా అన్నట్టు నిలబడిపోయింది.

సోమవారం తెల్లారకుండానే నూకరత్నం ఫ్రిజ్‌లో పాతగుడ్లన్నీ కొబ్బరిచెట్టు మొదట్లో పాతేసి, ఆ అరల్లో వీటిని పేర్చింది. హైమావతి టీచరు వచ్చి ఫ్రిజ్ తలుపు తీసి, ఓ గుడ్డు చేతిలోకి తీసుకుని, బరువు చూసి, కుర్చీలో కూలబడింది.

“రత్నం, ఇదేంటి?”

“భద్రత అండి.”

“నా ఉద్యోగం కూడా పోతుందే!”

“మీరు ఫొటో తియ్యండి టీచరుగారూ. ఫొటోకి వాసనుంటదా, రుసుంటదా?”

టీచరు పెన్సిల్‌తో తేదీలు వేసింది, ఫొటో తీసింది. ఆకుపచ్చ. రెండింటికి ఆకుపచ్చ. అయిదింటికి ఆకుపచ్చ. పొయ్యి మీద అసలు గుడ్లు పదకొండున్నరకే ఉడికాయి, పన్నెండున్నరకే కంచాల్లోకి వెళ్ళాయి, పన్నెండూ ముప్పావుకి మాయమైపోయాయి. సత్యవేణి మొదటి ముక్క నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

“ఏటే, నిద్దరొచ్చిందా?”

“ఉండు పిన్నీ. లోపలోడు ఇదేంటని అడుగుతున్నాడు. సెప్తన్నాను.”

మిగతా కేంద్రాల్లో పరిస్థితి మరోలా ఉంది. కరెంటు పోయిన ఫ్రిజ్‌లలో నిజం గుడ్లు నిజం గుడ్లలాగే ప్రవర్తించాయి. ఒక చోట ఫ్రిజ్‌నే పెరట్లో పాతిపెట్టాల్సొచ్చిందట. మండలంలో ఎక్కడా ఏ వాసనా లేకుండా, ఆ మొదటిరోజు తరవాత ఒక్క ఎరుపైనా లేకుండా నడుస్తున్న కేంద్రం మూలగరువొక్కటే. యాప్‌లో జిల్లాకల్లా మొదటి స్థానం వచ్చింది. అంతదాకా బాగానే ఉంది.

పొరపాటు ఎక్కడ జరిగిందంటే, హైమావతి టీచరు తేదీలు మార్చడం మర్చిపోయింది. మొదటి రోజు భయంలో వేసిన తేదీలే అలా ఉండిపోయాయి. నలభై ఒకటో రోజున గౌరీపతిగారు అభినందించడానికి స్వయంగా వచ్చారు. ఫ్రిజ్ తెరిచారు. ఓ గుడ్డు తీశారు. తేదీ చదివారు. వేళ్ళ మీద లెక్కపెట్టారు. మళ్ళీ లెక్కపెట్టారు. టీచరు గోడకానుకుని దేవుళ్ళందర్నీ వరసగా తలుచుకుంటోంది.

“ఇది నలభై ఒక్క రోజుల గుడ్డా?”

“మరేనండి,” అంది నూకరత్నం. అబద్ధం కాదుగా!

గౌరీపతిగారు దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని దీర్ఘంగా పీల్చారు. “దుర్గంధం లేదు! తొలకరి వాన పడ్డప్పటి సువాసన!” చేత్తో తూచారు. “బరువు కూడా పెరిగింది. అంటే ఏమిటి? నిల్వలో పోషక విలువ వృద్ధి చెందింది!” ఆ ఆనందంలో గుడ్డు చెయ్యిజారి ఆయన బొటనవేలి మీద పడింది. ఆయన అబ్బా అని ఎగిరారు. గుడ్డు మాత్రం ఎగరలేదు, పగల్లేదు, పక్కకి దొర్లి ఊరుకుంది. ఆయన కుంటుకుంటూ వంగి దాన్ని తీసుకుని కళ్ళకద్దుకున్నారు.

“పగలని గుడ్డు! నలభై ఒక్క రోజులు! ఏం చేశావమ్మా నువ్వు?”

“ఏం సెయ్యలేదండి. నేనెట్టింది ఎట్టినట్టే ఉందండి. ఎవరూ ముట్టుకోలేదండి.”

“అదే! ఆ క్రమశిక్షణే!” అన్నారాయన, కళ్ళనిండా నీళ్ళతో. నీళ్ళు ఆనందానికో బొటనవేలికో తెలీదు.

నివేదిక పైకి వెళ్ళింది. ‘మూలగరువు విధానం’ అని పేరు కూడా పెట్టారు. పక్క మండలాల నుంచి టీచర్లు బస్సుల్లో వచ్చి ఫ్రిజ్ ముందు నిలబడి నోట్సు రాసుకున్నారు. విధానమేంటని అడిగితే నూకరత్నం, “మనసు నిబ్బరంగా ఉండాలండి,” అనేది. అదీ రాసుకునేవారు. చివరికి జిల్లా అధికారిణి సుభాషిణిగారు స్వయంగా వస్తున్నారని కబురొచ్చింది. గుడ్లకి వంద రోజులు నిండే రోజున శతదినోత్సవం. షామియానా, మైకు, కేకు కూడా. కేకు గుడ్డు ఆకారంలో ఉంది. అందులో గుడ్డు లేదని గౌరీపతిగారు ముందే ప్రకటించారు.

“పారిపోదాం రత్నం,” అంది హైమావతి టీచరు, పొద్దున్నే.

“ఎక్కడికండి? పన్నెండున్నరకి ఆళ్ళంతా అన్నానికొత్తారు.” నూకరత్నం ఆ రోజు కూడా పదకొండున్నరకి గిన్నె పొయ్యెక్కించింది. ఈ వయసులో ఉద్యోగం పోతే పోనీ. తను పోయాక వచ్చే ఆయా ఆ తాళం తియ్యదు. అదీ ఆవిడ బెంగ.

గౌరీపతిగారి ఉపన్యాసం నలభై నిమిషాలు సాగింది. “ప్రపంచంలో గుడ్డు తినడం అందరికీ తెలుసు. తినకుండా ఉండడం ఎలాగో మూలగరువు చూపించింది,” అని ముగించారు. సుభాషిణిగారు మాత్రం పెద్దగా మాట్లాడలేదు. షామియానా కింద కుర్చీల్లో కూర్చున్న ఆడవాళ్ళ మొహాల్ని ఒక్కొక్కటే చూశారు. తరవాత లేచి, ఫ్రిజ్ దగ్గరికెళ్ళి, తలుపు తీసి, ముందు వరసలోంచి ఓ గుడ్డు తీసుకున్నారు.

“వంద రోజుల గుడ్డు రుచెలా ఉంటుందో చూద్దాం.”

గౌరీపతిగారు అడ్డంగా దూకారు. “మేడమ్! వద్దు! మీరొక్క గుడ్డు తింటే నూట ఇరవై అయిదవుతాయి. కేంద్రం ఎర్రబడిపోతుంది. జిల్లా స్థానం పోతుంది!”

“ఒక్క గుడ్డు తింటే పోయే స్థానం పోనివ్వండి,” అంటూ ఆవిడ దాన్ని బల్ల అంచుకేసి టక్కున కొట్టారు. బల్ల అంచు లేచిపోయింది. ఇంకాస్త గట్టిగా కొట్టారు. ఈసారి గుడ్డు రెండు ముక్కలైంది. పచ్చసొన ఉండాల్సిన చోట నల్లమట్టి.

గౌరీపతిగారు ఒంగి చూసి గొంతు సవరించుకున్నారు. “సుదీర్ఘ నిల్వ వలన సొన వర్ణం కొంత... పరిణామం చెంది ఉండవచ్చు మేడమ్.”

సుభాషిణిగారు ఆయన వైపు చూడలేదు. “ఎవరు చేశారు ఇవి?”

హైమావతి టీచరు ఏదో అనబోయింది. నూకరత్నం ఆవిణ్ణి పక్కకి జరిపి ముందుకొచ్చింది.

“నేనేనండి. టీచరుగారికేం తెలీదండి.” ఆ రెండో ముక్క మాత్రం అబద్ధం. “అసలు గుడ్లు కూడా భద్రంగానే ఉన్నాయండి. ఒక్కటీ పాడవలేదండి.”

“ఎక్కడున్నాయి?”

నూకరత్నం కుర్చీల వైపు చెయ్యి చూపించింది. “అదుగోనండి. ఆళ్ళ కడుపుల్లో. ఏడాది పొడుగునా కరెంటు పోయినా అక్కడ మాత్రం పాడవవండి.”

సత్యవేణి రెండు చేతులూ కుర్చీ మీద ఆనించి, బరువుగా లేచి నిలబడింది. ఎనిమిదో నెల దాటింది. “మా పిన్నిని ఏమీ అనకండి మేడమ్‌గారూ. కావాలంటే నా కార్డు సూడండి. అప్పుడెంత, ఇప్పుడెంత. కాకినాడెల్లక్కర్లేదని నర్సమ్మగారు కూడా అన్నారు.”

సుభాషిణిగారు కార్డు తీసుకుని చూశారు. ఎక్కువసేపే చూశారు. తరవాత చేతిలో ఉన్న మట్టిముక్కల్ని చూశారు. చిక్కేమిటంటే, మూలగరువు విధానం మీద నివేదిక రాజధానికెళ్ళి ఆమోదం పొంది నెలైంది. అది మట్టని ఇప్పుడు రాస్తే, దాని కింద సంతకాలు పెట్టినవాళ్ళందరూ మట్టిని మెచ్చుకున్నట్టవుతుంది. అందులో మొదటి సంతకం గౌరీపతిగారిది. ఆఖరిది ఆవిడది.

“గౌరీపతిగారూ, కాగితం తియ్యండి. రాయండి.”

ఆయన కలం తీశారు. ఆవిడ పెదవుల చివర ఏదో కదిలింది. అది నవ్వో కాదో, అధికారుల విషయంలో చెప్పలేం.

“ఇకపై గుడ్లు రెండు రకాలు. ఒకటి, శాశ్వత నిల్వ గుడ్లు. వీటిని మూలగరువు విధానంలో స్థానికంగా తయారుచేసి ఫ్రిజ్‌లో భద్రపరచాలి. ఎవరూ తినకూడదు.”

“తినకూడదు,” అని రాసుకున్నారు గౌరీపతిగారు, ప్రాణం లేచొచ్చి.

“రెండు, రోజువారీ వచ్చే గుడ్లు. ఇవి తినివేయబడే లక్షణం గలవి కాబట్టి నిల్వకు పనికిరావు. వీటిని ఏ రోజుకారోజు మధ్యాహ్నం ఒంటిగంట లోపల నిర్మూలించాలి.”

“ఏ పద్ధతిన నిర్మూలించాలి మేడమ్? పూడ్చుటా, దహనమా?”

“గర్భిణులు, బాలింతల ద్వారా. వాళ్ళే నిర్మూలన సంఘ సభ్యులు.”

గౌరీపతిగారి మొహంలో వంద బల్బులు వెలిగాయి. ఇది ఆయనకర్థమయ్యే భాష. “అద్భుతం మేడమ్! సభ్యత్వ కాలపరిమితి ఎంతని నమోదు చేయమంటారు?”

“గర్భం నిర్ధారణైన రోజు నుంచి, బిడ్డకి ఆరు నెలలు నిండేదాకా.”

సంతకం అక్కడికక్కడే అయింది. కార్లు వెళ్ళిపోయాయి. గౌరీపతిగారు మిగిలిన నూట ఇరవై అయిదు మట్టిగుడ్లకి స్వయంగా తాళం వేసి, విరిగినదాని స్థానంలో సాయంత్రంలోగా ఒకటి తయారుచేయమని నూకరత్నానికి లిఖితపూర్వకంగా ఉత్తర్వు ఇచ్చి మరీ వెళ్ళారు. టైము పన్నెండూ ముప్పావైంది. నూకరత్నం సన్నసెగ మీదే ఉండిపోయిన గిన్నెని గబగబా దించింది. కంచాలు పరిచారు. గుడ్లు ఇంకా పొగలు కక్కుతున్నాయి. వలిచే వేళ్ళు కాలుతున్నాయి.

“రండే సభ్యులూ, రండి. ఒంటిగంట లోపల పని అయిపోవాలంట.”

సత్యవేణి గుడ్డుని రెండుగా చీల్చి, పచ్చసొన వైపు ముద్దుగా చూసి, మిరియప్పొడి అడిగి జల్లుకుంది. సగం తిన్నాక ఆగి, ఏదో పెద్ద అనుమానమొచ్చినదానిలా మొహం పెట్టింది.

“పిన్నీ, పిల్లోడికి ఆర్నెల్లు నిండితే నా మెంబరుగిరీ పోద్దా?”

“పోద్దంట. ఆర్డరేశారు గదా.”

“మళ్ళీ మెంబరుగా సేరాలంటే ఎవరికెట్టుకోవాలి దరకాస్తు?”

నూకరత్నం ఇంకో గుడ్డు వలుస్తూ తలెత్తకుండా అంది:

“మీ ఆయనకెట్టుకోవే!”